బెత్తెడు చోటు

మున్వర్ నాలుగో అడ్డదారాన్ని మేకుకు చుట్టి, పళ్ళతో కొరికి తెంపి, ముడిని బొటనవేలితో నొక్కి చూసుకున్నాడు. కట్టెచట్రం మీద నిలువు ఆరు, అడ్డం నాలుగు నూలుదారాలు బిగిశాయి. వాటి సందుల్లోంచి చూస్తే ఎదుట ఉన్న ఎడారి ఉద్యానం ముప్పైఐదు గళ్ళుగా తెగి, నమిలి మింగడానికి వీలైన ముద్దల్లా కనిపించింది. చట్రం పక్కన ఇనుప స్టాండు మీద నిలబెట్టిన కాన్వాసు పైన కూడా ముప్పైఐదు గళ్ళే. ఒక్కొక్కటి అరడుగుకు అరడుగు. నలభైమూడేళ్ళుగా ఆయనకు తెలిసిన చిత్రకళ ఇదొక్కటే: చిన్న గడిలో ఉన్నదాన్ని పెద్ద గడిలోకి మోసుకుపోవడం. సినిమా పోస్టరులోని కథానాయకుడి మీసాన్నీ, పాస్‌పోర్టు ఫోటోలోని సర్పంచి చిరునవ్వునూ, క్యాలెండరులోని నెమలి పింఛాన్నీ ఆయన ఇలాగే హిందూపురం గోడల మీదికి సురక్షితంగా చేరవేశాడు. ఇవాళ మాత్రం చిన్న గళ్ళలో ఫోటో లేదు. తోటే ఉంది, ఎండతో సహా.

సమయం ఉదయం ఏడున్నర. నెల మే.

పెనుకొండ నుంచి ఎర్రమంచి పోయే దారిలో, కార్ల సీట్లకు నురుగు దిండ్లు చేసిచ్చే కంపెనీ ఒకటి తన అతిథిగృహం ముందు ఈ ఉద్యానాన్ని ప్రతిష్ఠించింది. వాన దయ తలచినా తలచకపోయినా, ఎడారి తమ ఊళ్ళోకి రాకూడదని ఈ సీమ పూర్వీకులు తరతరాలుగా చెరువులు తవ్వుకుంటూ నడుములు విరగ్గొట్టుకున్నారు. కంపెనీవారు అంతకంటే దూరదృష్టి గలవారు గనుక, బెంగళూరు నర్సరీ నుంచి ఎడారినే లారీలో రప్పించి, దానికి బిందుసేద్యం గొట్టాలు బిగించారు. తెల్ల గులకరాళ్ళ పరుపు మీద ముప్పైతొమ్మిది జెముడు మొక్కలు సభలో సామంతుల్లా కొలువుతీరాయి: కొన్ని స్తంభాల్లా నిటారుగా, కొన్ని గుమ్మడికాయల్లా గుండ్రంగా, కొన్ని కోపంతో విదిల్చిన చేతుల్లా. ముందువరసలోని ఏడింటికి ఆకుపచ్చని మొండెం మీద ఎర్రటివో పసుపుపచ్చటివో పరాయి తలలు అంటుకట్టి ఉన్నాయి. ఆ తలలు సుకుమారమైనవట. సూర్యుణ్ణి నేరుగా చూస్తే కమిలిపోతాయట. అందుచేత ఏడింటికీ ఏడు తెల్ల గొడుగులు పట్టారు. ఒకప్పుడు ఈ పెనుకొండలో శ్వేతచ్ఛత్రం కింద కూర్చునే అర్హత రాయలవారికే ఉండేది. కాలం మారింది, అర్హతలు విస్తరించాయి.

ప్రతి మొక్క పాదం దగ్గరా ఒక చిన్న రేకు, రేకు మీద ఆ మొక్క శాస్త్రీయ నామం ఉన్నాయి. ఆ ముప్పైతొమ్మిది పేర్లూ కిందటి నెల మున్వర్ రాసినవే. ఏ భాషో తెలియకుండా, ఒక్క అక్షరం తప్పు పోకుండా రాశాడు. ఆ పనితనం చూసే కంపెనీ అడ్మిన్ మేనేజర్ హరీష్ ఆయన్ని ఇవాళ మళ్ళీ పిలిపించాడు. సాయంత్రం నాలుగింటికి విదేశం నుంచి ఒక పెద్దాయన వస్తున్నాడు. ఆయన దిగేసరికి ఒక స్థానిక కళాకారుడు తోటను కళ్ళెదుట చూస్తూ, ఆరుబయట, సజీవంగా చిత్రిస్తూ కనిపించాలి. "బొమ్మ అయిపోయినాక కుడి మూలన నీ పేరు రాసుకోప్పా, పెద్దగానే రాసుకో" అని హరీష్ ఫోనులో అన్నాడు. ఆ ఒక్క మాటకే మున్వర్ తెల్లవారుజామున హిందూపురంలో బస్సెక్కి, సోమందేపల్లిలో ఇంకో బస్సు మారి వచ్చాడు.

బెత్తెడు చోటులో తన పేరు రాసుకోవడం అంత ఘనకార్యమా అని అడిగేవారు ధర్మవరం సంగతి వినాలి. ఒకప్పుడు మూడువందలకు పైగా బోర్డుల మీద, కుడివైపు కింది మూలన, చీమ బారులా 'మున్వర్ ఆర్ట్స్' అని ఉండేది. ఫ్లెక్సీ వచ్చింది. ముందు టీ కొట్లు పోయాయి, తర్వాత టైలర్లు, తర్వాత డాక్టర్లు. ఏడాదికేడాది ఆయన పేరు ఊరి మీదినుంచి చెరిగిపోతూ వచ్చి, చివరికి ధర్మవరంలో ఒక పట్టుచీరల కొట్టు నెత్తిన, జోడు నెమళ్ళ బోర్డు మూలన మాత్రం మిగిలింది. ఏటా ఏదో నెపంతో రైలెక్కి వెళ్ళి, ఎదుటి హోటలులో టీ తాగుతూ దాన్ని చూసి వచ్చేవాడు. మార్చిలో వెళ్ళినప్పుడు కొట్టు నెత్తిన ఫ్లెక్సీ మెరుస్తోంది. రేకు బోర్డును బోర్లించి మురుగుకాలువ మీద వంతెనగా వేశారు. మోటారుసైకిలు దాటినప్పుడల్లా అది ఢబ్బుమని ఒక దరువు వేసింది. మున్వర్ టీ చల్లారేదాకా ఆ దరువు విని, లేచి వచ్చాడు. ఆ రోజునుంచి లోకంలో ఎక్కడా ఆయన పేరు లేదు.

"నీ పేరు యాడుంటే నాకేంటికి? నాకేమన్నా సదువొచ్చునా? పొద్దుగూకకముందే ఇంటికి రా, సాలు" అని భార్య హసీనాబీ ఉదయం చిత్రాన్నం డబ్బా చేతికిచ్చింది. ఆమె విమర్శలో న్యాయం ఉంది. డబ్బాను సంచిలో వేసుకుని ఆయన బయల్దేరాడు.

"ఏమన్నా, పొద్దన్నే దారాలు కడ్తాండావు? మగ్గం పెట్టినావా ఏంది? ధర్మవరం చీర నేస్తావా?"

అడిగింది తిప్పమ్మ. యాభై దాటిన మనిషి; ఊరు ఎర్రమంచి. తోటకు నీళ్ళు, చీపురు, గొడుగులు ఆమె అధీనంలో ఉంటాయి.

"మగ్గం కాదు తిప్పమ్మా, బోను. తోటను పట్టేదానికి."

"ముల్లకంపను పట్టి ఏం జేస్తావు? మా గట్టుమింద ఇంతింతెత్తు నాగజెముడు ఉన్నెప్పుడు ఒక్కడన్నా వచ్చి బొమ్మ తీసినాడా? ఈ కంపెనీవోళ్ళే జేసీబీ పెట్టి పెరికి పారేసిరి. మళ్ళా ఈళ్ళే తెచ్చి నాటిరి. ఆడుండేవి ఊరికే పెరిగేవి. ఈటికి నేను గొడుగు పట్టల్ల." ఆమె చీపురుతో గులకరాళ్ళ మీద లేని దుమ్మును ఊడ్చింది. "దేనికైనా పెట్టిపుట్టల్లన్నా."

మున్వర్ నవ్వి, చట్రానికి మూడడుగుల దూరంలో పాతిన కట్టె మీద గడ్డం ఆనించాడు. ఈ కట్టె ఆయన సొంత ఆవిష్కరణ. కన్ను ఒక్క అంగుళం పక్కకు జరిగినా మొక్కలన్నీ గళ్ళు మారిపోతాయి. అందుచేత కంటిని ముందు కట్టేసుకోవాలి. ముక్కాలిపీట, వెనుక ఒక బండరాయి, ముందు గడ్డం కట్టె: మూడింటి మధ్యా తన్ను తాను బిగించుకుని, నంబరు పన్నెండు కుంచెను పచ్చరంగులో ముంచాడు.

ఎడమ అంచు నుంచి మొదలుపెట్టి నిలువు వరసలు ఒక్కొక్కటిగా దిగాలన్నది పద్ధతి. పై రెండు అడ్డవరసలను ముట్టుకోలేదు. అక్కడ తెల్ల పూత మీద అక్షరాలు వస్తాయి. బోర్డు అన్నాక పైన మ్యాటర్, కింద బొమ్మ, మూలన పేరు. మాటలు రాని పిల్లవాడికి కూడా ఈ సంగతి తెలుసునని ఆయన నమ్మకం. ఎనిమిదింటికి మొదలుపెడితే, తిండికి అరగంట పోను, వరసకొక గంట లెక్కన మూడున్నరకు ఏడు వరసలూ పూర్తవుతాయి.

తొమ్మిదింటికి ఆయనకు మొదటి అవమానం జరిగింది. మొదటి వరసలో మూడు స్తంభాల జెముళ్ళు వేసి, పడమటికి పొడుగ్గా సాగిన వాటి నీడలను నల్లనీలంతో దిద్ది, రెండో వరసకు వచ్చి చూస్తే నీడలు గడి ఖాళీ చేసి వెనక్కు జరిగాయి. ఫోటోలో నీడ కదలదు. క్యాలెండరులో సూర్యుడు పన్నెండు నెలలూ ఒకేచోట ఉంటాడు. మున్వర్ తల ఎత్తి, రాసిన మ్యాటర్ సగంలో మార్చమనే షావుకారును చూసినట్టు సూర్యుణ్ణి చూశాడు. ఎంతో యోచించి, ఏ వరస నీడ ఆ వరస గంటదే వెయ్యాలని నిశ్చయించుకున్నాడు. ఎదుట ఉన్నది ఉన్నట్టు వెయ్యమన్నారు. వేస్తున్నాడు.

పదకొండింటికి ఎండ తన ప్రతాపమంతా చూపింది. గులకరాళ్ళ మీదినుంచి ఎగసిన వేడి గడ్డం కట్టెను కూడా కాల్చింది. తిప్పమ్మ అటూ ఇటూ చూసి, ముందువరసలో ఏడో గొడుగును పెరికి తెచ్చి, పీట వెనుక బండరాయి సందులో గుచ్చింది. ఆయన మెడ మీద తెల్లని నీడ పడింది.

"పదినిమిషాలు ఉండనీలే. ఆ ఎర్రతలకాయకు ఏం కాదు."

 మున్వర్ కుంచె మొదటిసారి నెమ్మదిగా, ఇష్టంగా కదిలింది. సరిగ్గా నాలుగు నిమిషాలకు తిప్పమ్మ కొంగులోని ఫోను మోగింది. హరీష్ చల్లని గదిలో కూర్చుని కెమెరాలో తోటను పరిపాలిస్తుంటాడు.

"తిప్పమ్మా, ఏడో నంబరు గొడుగు యాడికి పోయింది?"

"పెయింటరన్నకు ఎండ కొడ్తాండాది సార్, అట్లని..."

"మొక్క తల మాడితే నీ తల పెడ్తావా ఆడ? ఆయప్పకు టోపీ ఉండాది గదా. ఫోను ఆయనకియ్యి." గొంతు మర్యాదగా మారింది. "ఏమప్పా మున్వరూ, ఇది లైవ్ పెయింటింగు. ఎండలో కూర్చుంటేనే గదా లైవు! నీడలో గీసేదానికైతే ఫోటో ఇచ్చి ఇంటికే పంపించేవాణ్ణి. ఇంగొకటి, బొమ్మలో గొడుగులు రాకూడదు. న్యాచురల్‌గా ఉండల్ల."

గొడుగు మొక్కకు తిరిగి వెళ్ళింది. మున్వర్ గొడుగులున్నచోట గొడుగులు లేనట్టు వేశాడు. సహజత్వానికి ఆ మాత్రం సవరణ ఎప్పుడూ అవసరమే.

పన్నెండున్నరకు చిత్రాన్నం డబ్బా మూత తీసి, రెండు ముద్దలు తిని మూసేశాడు. తిప్పమ్మ తన రాగి అంబలి సగం గ్లాసులో పోసి తెచ్చింది. అతిథుల కోసం తెచ్చిన నీళ్ళసీసాలు వరండాలో మంచుపెట్టెలో ఉన్నాయి. వాటి మీద సీలు ఉంది, సీలు మీద లెక్క ఉంది. వరండాలో నీడ కూడా ఉంది. కానీ అక్కడినుంచి చూస్తే గళ్ళు కుదరవు. పైగా అది అతిథుల నీడ. ఆయన అంబలి తాగి, గడ్డాన్ని మళ్ళీ కట్టెకు అప్పగించాడు.

రెండింటికి చెమట ఆగిపోయింది. ఎండ తగ్గిందనుకుని సంతోషించాడు. చేతివేళ్ళ చివర చిన్న చలి మొదలైంది. చేతికి ఆయన తలతో పని లేదు. నలభైమూడేళ్ళ అలవాటుతో అది తనంతట తానే గడి వెంట గడి నింపుకుంటూ పోయింది. ఏడో వరస దిగి, కుడి మూలకు వచ్చి, బెత్తెడు చోటు వదిలిపెట్టి ఆగింది. సమయం మూడు గంటల ఇరవై నిమిషాలు.

తిప్పమ్మ చీపురు చంకలో పెట్టుకుని వచ్చి చూసింది. చాలాసేపు చూసింది.

"ఏమన్నా, ఆ పక్క చెట్లకు నీడ అట్ల పడ్డాది, ఈ పక్క చెట్లకు ఇట్ల పడ్డాది?"

"అవి ఎనిమిదింటి చెట్లు తిప్పమ్మా. ఇవి మూడింటి చెట్లు."

"నడిమివి?"

"పన్నెండు. వాటికి నీడే లేదు."

ఆమె తల ఊపింది. లోకంలోని నీడలన్నీ నడిమధ్యనుంచి రెండువైపులకూ పారిపోతున్నట్టున్న ఆ చిత్రంలో, తాను ఊడ్చిన గంటలన్నీ వరసగా ఉన్నాయని ఆమెకు తోచింది. చెప్పడం తెలియక, "ఎండ మాత్రం బాగ పడినాది" అంది. మున్వర్‌కు జీవితంలో దొరికిన కళావిమర్శ అదే. ఆయన నంబరు ఒకటి కుంచెను సంచిలోంచి తీసి, కొనను పెదవులతో తడిపి, నల్ల ఎనామెలులో ముంచాడు.

"రాసెయ్యి మరి నీ పేరు. ఎవురు చూస్తారు?"

"తప్పు తిప్పమ్మా." ఆయన కుంచెను గాలిలోనే ఆపాడు. "యజమాని పేరు రాయల్ల, అది ఆరల్ల. ఆరినాకనే మన పేరు. మా ఉస్తాదు చెప్పినాడు. తడి ఆరకముందే తన పేరు రాసుకునేవాడు దొంగతో సమానమంట."

ఉస్తాదు చనిపోయి ముప్పైయేళ్ళయింది. ఆయన నియమాన్ని మున్వర్ మూడువందల బోర్డుల మీద ఒక్కసారీ తప్పలేదు. ఆ మూడువందల యజమానుల్లో ఒక్కరికీ అలాంటి నియమం ఒకటుందని తెలియదు.

హరీష్ ఎండ కళ్ళద్దాలతో వరండా మెట్లు దిగి వచ్చాడు. మున్వర్ లేవబోయి, లేవలేక, కూర్చునే అడిగాడు.

"సార్, పైన రెండు వరసలు వదిలినా. మ్యాటర్ ఏమి రాయల్ల?"

"మ్యాటరా?"

"కంపెనీ పేరు, ఊరు, ఫోన్ నంబరు..."

హరీష్ ముందు అర్థంకాక చూసి, తర్వాత పగలబడి నవ్వాడు. "ఇదేమన్నా కిరాణా కొట్టు బోర్డా అప్పా? అది ఆకాశం! ఆకాశానికి ఫోన్ నంబరు రాస్తావా?"

"ఏమీ రాయొద్దా సార్?"

"ఏమీ వద్దు."

మున్వర్ ఎండిన నాలుకతో పెదవులు తడుపుకోబోయాడు. "మరి నా పేరు..."

"రాసుకుందువులేప్పా, పెద్దాయన చూసి పోనీ. ఆయన బాగుందంటే అప్పుడు చూద్దాం. లేపాక్షి గుళ్ళో కప్పుకు బొమ్మలేసినోళ్ళు పేర్లు రాసుకున్నారా? జనం పోయి చూడ్డంలా?" అతను రెండడుగులు వెనక్కు వేసి, ఫోనును అడ్డంగా పట్టుకుని చూశాడు. "కుంచె పట్టుకుని అట్లే కూర్చో. మూలకు చూపిస్తాండేట్టు. ఆ... సూపర్. కదలొద్దు."

మున్వర్ కదలలేదు. వీపు బండరాయికి ఆనింది, గడ్డం కట్టె మీద ఉంది, కుడిచేయి మోకాలి మీదినుంచి కాన్వాసు మూలవైపు చాచి ఉంది. యజమాని పేరు లేని బోర్డు ఆయన ఇంతవరకు చూడలేదు. లేని పేరు ఎప్పుడు ఆరుతుందో ఉస్తాదు చెప్పలేదు. ఈ ధర్మసందేహాన్ని తీర్చుకోవడానికే అన్నట్టు ఆయన టోపీ కింద కళ్ళు మూసుకున్నాడు.

తోట కూడా సహజంగా కనిపించాలి గనుక, తిప్పమ్మ ఏడు గొడుగులూ పెరికి వరండా వెనుక దాచింది.

నాలుగుంపావుకు పెద్దాయన సపరివారంగా విచ్చేశాడు. మేళతాళాలు లేవన్నమాటే గానీ, తలమీద ఒక డ్రోను భ్రమరనాదం చేసింది. ఆయన ముప్పైతొమ్మిది మొక్కలను రెండు నిమిషాల్లో చూసి, కాన్వాసు ముందు మాత్రం నిలిచిపోయాడు. చాలాసేపు మాట్లాడాడు. పక్కనున్న యువతి తెలుగులో చెప్పింది: ఎండకు కాలి తెల్లబడిన ఆకాశాన్ని ఇంత ఖాళీగా వదలడానికి ఎంతో ధైర్యం కావాలి, ఈ చిత్రంలో అన్నిటికంటే గొప్పది ఆ ఖాళీయే. నీడల సంగతి ఎవరూ ఎత్తలేదు.

"ఆయన...?" అని యువతి మెల్లగా అడిగింది.

"ఏకాగ్రత మేడమ్," అన్నాడు హరీష్. "పనిలో ఉంటే లోకం పట్టదు ఈయనకు."

పెద్దాయనకు ఆ మాట మిక్కిలి నచ్చింది. కళాకారుడి వెనక్కు వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, నవ్వుతూ ఫోటో దిగాడు. భుజం కొంచెం ఒరిగింది. హరీష్ చురుగ్గా వచ్చి టోపీ సర్ది, భుజం నిలబెట్టి, ఇంకొక ఫోటో తీయించాడు. అది మొదటిదానికంటే బాగా వచ్చింది.

కార్లు వెళ్ళిపోయాక తిప్పమ్మ గొడుగులు మోసుకొచ్చింది. ఆరు మొక్కలకు ఆరు గుచ్చి, ఏడోది పట్టుకుని వస్తూ, మున్వర్ ముంజేతి మీద ఒక ఈగ నడవడం చూసింది. అది మోచేతిదాకా నడిచి, వెనక్కు తిరిగి, వేళ్ళదాకా నడిచింది. చెయ్యి దాన్ని విదల్చలేదు.

"అన్నా," అంది ఆమె. "ఓ మున్వరన్నా."

వంగి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. తర్వాత నిటారుగా నిలబడి, ఏడో గొడుగును తెరిచి ఆయన తలమీద పట్టుకుంది. కొంగులోని ఫోను మోగింది. మోగి ఆగి మళ్ళీ మోగింది. ఏడో నంబరు గొడుగు ఎక్కడికి పోయిందో ఆమె ఈసారి ఎవరికీ చెప్పలేదు.

కంపెనీ బండ్లన్నీ అతిథిని సాగనంపడానికి పోయాయి గనుక, మున్వర్ సోమందేపల్లి మీదుగా ఆటోలో ఇల్లు చేరాడు. పొద్దు అప్పటికి గూకలేదు. హసీనాబీ కోరిన వేళకే వచ్చాడు. మరునాడు హిందూపురంలో మట్టి ఇచ్చారు. రాయి పెట్టారుగానీ, దాని మీద పేరు లేదు. ఆ ఊళ్ళో సమాధిరాళ్ళకు పేర్లు రాసేవాడు ఆయనొక్కడే.

చిత్రం ఇప్పుడు అతిథిగృహం ముందుగదిలో, చల్లని గాలిలో వేలాడుతోంది. కుడి మూలన వదిలిన బెత్తెడు చోటులో కంపెనీ గుర్తు కొలత తీసినట్టు సరిపోయింది. కింద ఇత్తడి పలక: 'ఎడారి ఉద్యానం. సహజ చిత్రణ. స్థానిక కళాకారుడు.' చూసినవారందరూ ఆకాశాన్ని మెచ్చుకుంటారు.

వారం తిరక్కముందే ముందువరసలో ఏడో మొక్క తల మెత్తబడి రాలింది. నీళ్ళెక్కువై కుళ్ళిందని తిప్పమ్మకు తెలుసు. గొడుగు లేక మాడిందని నివేదికలో ఉంది. మొండేన్నీ, దాని పేరు రాసిన రేకునూ తీసి పారేశారు. బెంగళూరు నుంచి కొత్త మొక్క ఇంకా రాలేదు. జాబితాలో గొడుగులు ఏడు గనుక ఏడూ రోజూ తెరవవలసిందే. తిప్పమ్మ గులకరాళ్ళు ఊడుస్తుండగా దొరికినదాన్ని ఆ ఖాళీ గుంటలో గుచ్చింది. ఏడో తెల్ల గొడుగు నీడలో, నల్లరంగు గడ్డకట్టి ముల్లులా నిక్కిన కొనతో, ఒకటో నంబరు కుంచె నిలబడి ఉంది. దాని పాదం దగ్గర రేకు లేదు.